షేకర్ కంటే ముందు నిమ్మకాయ

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లల్ని కదిపి చూడండి. కిచెన్‌లో ట్రెయినింగ్ అయితే ఇంట్లో గర్వంగా చెప్పుకుంటారు. ఫ్రంట్ ఆఫీస్ అన్నా ఫర్వాలేదు. బార్ కౌంటర్‌లో వేశారా, ఇక ఆ సంగతి ఫోన్‌లో అమ్మకు చెప్పరు. 'సర్వీస్‌లో ఉన్నాలే' అని మాట దాటేస్తారు. అదే కుర్రాడు రేపు దుబాయ్ హోటల్లోనో, క్రూజ్ షిప్పులోనో ఇదే పనిలో చేరితే 'మావాడు ఫారిన్‌లో ఉన్నాడు' అని వీధంతా చెప్పేది కూడా ఆ ఇంటివాళ్లే!

కాక్‌టెయిల్ కలపడం దాచుకోవాల్సిన పని కాదన్నది నా అభిప్రాయం. ఇంకో మాట కూడా చెబుతాను. ఈ విద్యలో చాలా భాగం చుక్క మందు లేకుండా మీ వంటింట్లోనే నేర్చుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. ఈ పేజీ చదివేవాళ్లలో చాలామందికి ఆ వయసు రాలేదు. కాబట్టి ఇక్కడ చెప్పే సాధనంతా నిమ్మకాయ, చక్కెర, ఐసుతోనే.

అదెలా కుదురుతుందంటారా? ప్రపంచమంతా ఇష్టపడే మూడు కాక్‌టెయిల్స్ చూడండి. క్యూబాలో డైకిరి అనే గనుల ఊరి పేరుతో పుట్టిన డైకిరిలో 60 మిల్లీలీటర్ల తెల్ల రమ్, 20 మి.లీ. నిమ్మరసం, రెండు చిన్న చెంచాల చక్కెర. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం చెప్పే కొలత ఇది. అదే సంఘం లెక్కలో జాన్ కాలిన్స్ అంటే 45 మి.లీ. జిన్, 30 మి.లీ. నిమ్మరసం, 15 మి.లీ. చక్కెర పాకం, 60 మి.లీ. సోడా. మెనూల్లో మనం మోజిటో అని చదివే మొహితోలో రమ్, నిమ్మరసం, చక్కెర, పుదీనా, సోడా ఉంటాయి. వీటిలోంచి మందు తీసేయండి. మొదటిది నిమ్మ షర్బత్, రెండోది నిమ్మ సోడా, మూడోది పుదీనా వేసిన నిమ్మ సోడా. మన బస్టాండు పక్కన బండి మీద దొరికేవే! పులుపు, తీపి, చల్లదనం ఈ మూడింటినీ సరిచూడటమే అసలు పని. ఆ మూడూ కుదరకపోతే ఎంత ఖరీదైన సీసా వంచినా ఆ గ్లాసు బాగుండదు.

సామాను కోసం డబ్బులు తగలెయ్యకండి. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు మీద మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. బార్లో జిగ్గర్ చేసే పని అదే చేస్తుంది. మూత గట్టిగా పట్టే స్టీలు సీసా షేకర్ అవుతుంది. టీ వడగట్టే జల్లెడ సరిపోతుంది. ఒక కప్పు చక్కెరను ఒక కప్పు వేడినీళ్లలో కరిగించి చల్లార్చితే పాకం తయారు. చల్లటి పానీయంలో పొడి చక్కెర సరిగ్గా కరగదు కాబట్టే బార్లలో పాకం వాడతారు. ఐసు మాత్రం శ్రద్ధగా చేసుకోవాలి. ఫ్రీజర్లో చేపల పొట్లం పక్కన మూత లేకుండా పెట్టిన ఐసు ఆ వాసనంతా పీల్చుకుంటుంది.

ఇప్పుడు మూడు గ్లాసులు పెట్టండి. మూడింటిలోనూ 20 మి.లీ. పాకం, 90 మి.లీ. నీళ్లు పోయండి. నిమ్మరసం ఒకదాంట్లో 15, ఇంకోదాంట్లో 20, మూడోదాంట్లో 25 మి.లీ. రుచి చూసి రాసుకోండి. తర్వాత అవే మూడింటిని బాగా చల్లబరిచి మళ్లీ చూడండి. చల్లబడే కొద్దీ తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. గది వేడిలో సరిపోయింది అనుకున్నది ఇప్పుడు పుల్లగా అనిపిస్తుంది. చిటికెడు ఉప్పు వేస్తే ఏం మారిందో గమనించండి. ఇంకో రోజు కలిపినదాన్ని కొలిచి ఐసుతో సీసాలో పోసి, పది పన్నెండు సెకన్లు ఊపి, వడగట్టి మళ్లీ కొలవండి. పెరిగినదంతా కరిగిన ఐసు నీళ్లే. ఆ నీళ్లు కూడా రెసిపీలో భాగమే. నిమ్మరసం ఉన్నదాన్ని ఊపుతారు, ఒట్టి మద్యాలే కలిసే మార్టినీ లాంటివాటిని ఎక్కువగా చెంచాతో తిప్పుతారు. ఎందుకో మీకు ఈ కొలతలే నేర్పుతాయి. పుదీనాను మాత్రం రోట్లో పచ్చడిలా నూరకండి, చేదెక్కుతుంది. మెల్లగా నొక్కితే చాలు.

ఇవన్నీ తేదీలతో ఒక నోట్‌బుక్‌లో ఉంటే ఇంటర్వ్యూలో మీ దగ్గర చెప్పడానికి ఏదో ఉన్నట్టే. సీసాలు గాల్లోకి ఎగరేసే వీడియోలు చూసి వేలకు వేలు పోసి ఆ కోర్సుల్లో చేరేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఎగరేయడం తర్వాత నేర్చుకోవచ్చు, కొలత ముందు రావాలి. 750 మి.లీ. సీసాలో 30 మి.లీ. పెగ్గులు 25 వస్తాయి. చేయి తూలి గ్లాసుకు 5 మి.లీ. ఎక్కువ పడితే ప్రతి ఆరు గ్లాసులకు యజమానికి ఒక పెగ్గు నష్టం. ఆ లెక్క నోటికి వచ్చిన కుర్రాడిని మేనేజరు అంత తేలిగ్గా వదులుకోడు.

ఇక ఇంట్లోవాళ్ల అభ్యంతరం. దాన్ని 'పాతకాలం మనుషులు' అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ పోరాటం ఊరికే పుట్టలేదు. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతుంటే, తాగొచ్చిన మొగుళ్ల చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు చేసిన పోరాటం అది. మీ అమ్మమ్మకు మందు అంటే గుర్తొచ్చేది ఇదే కావొచ్చు. ఆమెకు డైకిరి చరిత్ర చెప్పి ఒప్పించలేరు. కౌంటర్ వెనకున్న మనిషి డ్యూటీలో తాగడని, తాగి తూలేవాడికి 'ఇక చాలు సార్' అని మర్యాదగా చెప్పి గ్లాసు ఆపడం కూడా అతని పనేనని చెప్పండి. చెప్పడమే కాదు, చేరాక అలాగే ఉండండి. ఈ రంగంలో చేతికందే దూరంలో సీసాలుంటాయి. తన మీద తనకు అదుపు లేదనుకున్నవాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు.

అమ్మాయిలకు ఇది పనికిరాదనే మాటకు మాత్రం నేను ఒప్పుకోను. లండన్ సవాయ్ హోటల్ అమెరికన్ బార్‌లో ఆడా కోల్‌మన్ హెడ్ బార్‌టెండర్‌గా పేరు తెచ్చుకుని వందేళ్లు దాటింది. మన దగ్గర ఢిల్లీలో అమలైన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం మద్యం తాగేచోట ఆడవాళ్లను పనిలో పెట్టుకోకూడదంది. ఆ నిషేధం చెల్లదని అనూజ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో తేల్చింది. భద్రత పేరుతో ఉద్యోగం లాక్కోవడం కాదు, ఉద్యోగం చేసేచోట భద్రత కల్పించాలన్నది ఆ తీర్పు సారం. అర్ధరాత్రి షిఫ్టు అయ్యాక ఇంటికి క్యాబ్ ఇస్తారా అని ఇంటర్వ్యూలో అడగడానికి అమ్మాయిలు మొహమాట పడకూడదు.

కష్టాలూ ఉన్నాయి. పండగ రోజు అందరూ కూర్చుని తాగుతుంటే మీరు నిలబడి కలుపుతుంటారు. మొదటి నెలలు గ్లాసులు కడగడం, నిమ్మకాయలు కోయడం, స్టాకు రాయడంతోనే సరి. బార్ అస్సలు వద్దనుకుంటే కెఫేలున్నాయి, పెళ్లిళ్లలో మాక్‌టెయిల్ కౌంటర్లున్నాయి. పద్ధతిగా చదవాలనుకుంటే ఎన్‌సీహెచ్ఎం జేఈఈ రాసి హైదరాబాద్ లాంటి చోట్ల ఉన్న ఐహెచ్ఎంలలో డిగ్రీ చేయొచ్చు.

అప్పటిదాకా ఈ ఆదివారానికి ఒకటి. రాయలసీమ నన్నారి షర్బత్ సీసా తెచ్చుకోండి. 30 మి.లీ. నన్నారి, 20 మి.లీ. నిమ్మరసం, చిటికెడు ఉప్పు ఐసుతో ఊపి గ్లాసులోకి వడగట్టి, పైన 120 మి.లీ. చల్లటి సోడా పోయండి. నన్నారి ఒక్కో కంపెనీది ఒక్కో తీపి. మీ సీసాకు ఎంత నిమ్మరసం కావాలో మీరే తేల్చుకోవాలి. సోడాను మాత్రం సీసాలో పోసి ఊపకండి, మూత ఎగిరి వంటింటి గోడలు కడుక్కోవాల్సి వస్తుంది.