అంకుర సంస్థలకు పొలమే గీటురాయి

ఇంజనీరింగ్, బయోటెక్నాలజీ, డేటా సైన్స్ వంటి కోర్సుల్లో పీజీ చేసిన యువతలో కొందరు ఉద్యోగాల వేట మాని వ్యవసాయ రంగంలో స్టార్టప్‌లు, అంటే అంకుర సంస్థలు పెడుతున్నారు. వీరిలో రైతు బిడ్డలూ ఉన్నారు. తల్లిదండ్రులు అప్పు చేసి చెప్పించిన చదువు తిరిగి పొలానికి పనికిరావడం కన్నా కావాల్సిందేముంది? ఈ పరిణామాన్ని మేము స్వాగతిస్తున్నాం. అయితే ఈ సంస్థల్లోకి ప్రజల సొమ్ము వెళ్తోంది. అవి వాడుకునేది రైతు పొలాన్ని, రైతు సమాచారాన్ని. కాబట్టి చివరకు రైతు చేతికి ఏం వస్తోందని అడిగే హక్కు మనకుంది.

అవకాశాలకు కొదవ లేదు. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద 2018-19లో మొదలైన కార్యక్రమంలో ఆలోచన దశలో రూ.5 లక్షల వరకు, వ్యాపారం మొదలుపెట్టే దశలో రూ.25 లక్షల వరకు గ్రాంటు ఏర్పాటు చేశారు. రాజేంద్రనగర్‌లోని నార్మ్, మేనేజ్ సంస్థలు, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఇలాంటి యువతకు శిక్షణ, తోడ్పాటు అందిస్తున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ఖేతీ సంస్థ చిన్న కమతాలకు సరిపడే తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్‌ను రూపొందించి 2022లో ఎర్త్‌షాట్ అంతర్జాతీయ బహుమతి అందుకుంది. చిన్న రైతును దృష్టిలో పెట్టుకుని పనిచేస్తే ఫలితం ఉంటుందనడానికి ఇదొక ఉదాహరణ.

కానీ ఈ సంస్థలు ఎవరిని కొనుగోలుదారుగా అనుకుంటున్నాయి? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో 86 శాతం కమతాలు ఐదెకరాల లోపువే. 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం రూ.10,218. అందులో పంట మీద వచ్చింది రూ.3,798 మాత్రమే. అదే సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో 91 శాతానికి పైగా రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేల్చింది. ఇలాంటి కుటుంబం సలహాల యాప్‌కు నెలనెలా చందా కట్టలేదు. రైతు కట్టలేనప్పుడు సంస్థ ఆదాయం కోసం పురుగుమందుల కంపెనీ వైపో, రుణ సంస్థ వైపో చూస్తుంది. మందు అమ్ముడైతే కమీషన్ వచ్చే యాప్, ఈ వారం మందు కొట్టనక్కర్లేదని రైతుకు చెబుతుందా? మన ఆందోళన ఇదే. దళారీ పోయాడని సంబరపడేలోపు ఫోన్‌లో కొత్త దళారీ చేరితే రైతుకు ఒరిగేదేమీ లేదు.

యువత చేయాల్సిన పని పల్లెల్లో కావాల్సినంత ఉంది. ధాన్యంలో తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. తక్కువ ధరలో, నమ్మదగిన తేమ మీటరు కల్లం దగ్గరే ఉంటే రైతు ఇంకో పూట ఆరబెట్టుకుని బయలుదేరతాడు. కేంద్రం ముందు పడిగాపులు తప్పుతాయి, తరుగు పేరుతో కోత పెడితే నిలదీసే ఆధారమూ దొరుకుతుంది. అకాల వర్షానికి కల్లాల్లో తడిసే మిర్చిని ఊరిలోనే ఆరబెట్టే యంత్రం కావాలి. అడవి పందుల నుంచి, కోతుల నుంచి పంటను కాపాడే సురక్షితమైన ఉపాయం కావాలి. వంగి కలుపు తీసే మహిళల నడుము నొప్పి తగ్గించే పనిముట్టు కావాలి. ఇవేవీ నగరంలోని ఆఫీసులో కూర్చుంటే తట్టే ఆలోచనలు కావు. ఒక పంటకాలం రైతు వెంట తిరిగితేనే అర్థమవుతాయి.

డ్రోన్ల సంగతే చూడండి. నమో డ్రోన్ దీదీ పథకానికి కేంద్రం రూ.1,261 కోట్లు కేటాయించి, 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని నిర్ణయించింది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల సబ్సిడీ ఉంది. వీపున డబ్బా కట్టుకుని మందు కొట్టే కూలీకి విషం సోకే ముప్పు దీనివల్ల తగ్గుతుంది, నిజమే. కానీ బ్యాటరీ పాడైనా, రెక్క విరిగినా బాగుచేసే వాళ్లు మండలంలో లేకపోతే ఆ డ్రోన్ మూలన పడుతుంది. మండలానికో మరమ్మతు కేంద్రం పెడితే చదువుకున్న యువతకు ఉపాధి, సంఘానికి భరోసా. పిచికారీ పని పోగొట్టుకునే కూలీలకు ఆ శిక్షణలో మొదటి చోటు ఇవ్వాలి.

ఇక సమాచారం. రైతు గుర్తింపు సంఖ్యలు భూమి రికార్డుల ఆధారంగా తయారవుతున్నాయి. రికార్డుల్లో పేరు లేని కౌలు రైతు ఎక్కడికి పోవాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారు హక్కుల చట్టం భూ యజమాని అంగీకారం అడుగుతోంది. సంతకం పెట్టడానికి యజమాని ముందుకు రాకపోతే కౌలు రైతుకు కార్డు రాదు. ఈ రికార్డులనే నమ్ముకుని రుణం, బీమా, సలహా అందించే సంస్థలు వస్తే, సాగు చేసేవాడు బయటే ఉండిపోతాడు, పట్టా ఉన్నవాడికే అన్నీ అందుతాయి.

అందుకే ప్రభుత్వాలను మేము కోరుతున్నది ఇది. ప్రజాధనం పొందే ప్రతి వ్యవసాయ అంకుర సంస్థ తన పరికరాన్ని చిన్న, కౌలు రైతుల పొలాల్లో పరీక్షించాలి. ఖర్చు ఎంత తగ్గిందో, నికర ఆదాయం ఎంత పెరిగిందో బహిరంగంగా చెప్పాలి. రైతుకు తెలుగులో వివరించి అనుమతి తీసుకోకుండా అతని సమాచారాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. ఖరీదైన యంత్రాలు సహకార సంఘాల ద్వారా అద్దెకు దొరకాలి. గ్రాంట్లు మంజూరు చేసే కమిటీల్లో రైతు ప్రతినిధులకు చోటుండాలి. అంకుర సంస్థలను చూపించి వ్యవసాయ అధికారుల ఖాళీలను నింపకపోవడం, గిట్టుబాటు ధర బాధ్యత నుంచి తప్పుకోవడం మాత్రం కుదరదు. ఏ యాప్ అయినా ధర ఎంతుందో చెప్పగలదు, ఆ ధరకు హామీ ఇవ్వాల్సింది ప్రభుత్వమే.

యువ మిత్రులకు ఒక మాట. మీ ఆలోచనతో పెట్టుబడిదారుల దగ్గరికి వెళ్లే ముందు మా గ్రామ కమిటీల దగ్గరికి రండి. పొలం చూపిస్తాం, లోపాలుంటే మొహమాటం లేకుండా చెబుతాం. గ్రామ కమిటీలు కూడా తమ ఊరి సమస్యల్లో సాంకేతికత తీర్చగలిగిన మూడింటిని రాసి జిల్లా కమిటీలకు పంపాలి. వాటిని మనమే విశ్వవిద్యాలయాలకు చేరవేద్దాం.