పూర్వ విద్యార్థితో ముఖాముఖి: పరీక్ష కాదు, సంభాషణ

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి అమెరికా విశ్వవిద్యాలయాలు డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు చేసిన విద్యార్థులతో ముఖాముఖి జరిపే బాధ్యతను తమ పూర్వ విద్యార్థులకు అప్పగిస్తాయి. తెలుగు రాష్ట్రాల నుంచి దరఖాస్తు చేసే కొందరికీ ఈ పిలుపు అందుతుంది. మన పిల్లలు దీనిని మౌఖిక పరీక్షగా భావించి భయపడుతున్నారు.

ఒక సహోద్యోగి కుమారుడు ఇటువంటి ముఖాముఖికి ముందు నా వద్దకు వచ్చాడు. ఇరవై ప్రశ్నలకు ఆంగ్లంలో సమాధానాలు కంఠస్థం చేశాడు. రెండు విన్న తరువాత ఆపి, సెలవుల్లో ఏమి చేశావని అడిగాను. తాతగారి వేరుశనగ పొలంలో జిప్సం వేసిన సాళ్లలోను, వేయని సాళ్లలోను పది మొక్కల చొప్పున పీకి తాలు కాయలు లెక్కపెట్టానన్నాడు. తేడా ఎందుకు వచ్చిందని అడిగితే పావుగంట ఉత్సాహంగా వివరించాడు. "ఇది కూడా చెప్పవచ్చా సార్?" అని చివర సందేహం. చెప్పవలసినది అదే!

ఈ ముఖాముఖి సాధారణంగా అరగంట నుంచి గంట వరకు, ఆన్‌లైన్‌లోనో బహిరంగ ప్రదేశంలోనో జరుగుతుంది. మాట్లాడే పూర్వ విద్యార్థి స్వచ్ఛందంగా పనిచేసే వ్యక్తి. విద్యార్థి మార్కులు, వ్యాసాలు సాధారణంగా ఆయన చేతిలో ఉండవు. ఏ విషయంపై ఆసక్తి, తరగతి వెలుపల ఏమి చేస్తున్నావు, ఈ కళాశాలనే ఎందుకు ఎంచుకున్నావు అని అడుగుతారు. విద్యార్థి కూడా ప్రశ్నలు అడగాలని ఆశిస్తారు. తరువాత ఒక నివేదిక పంపుతారు. దరఖాస్తులోని అనేక అంశాలలో అది ఒకటి మాత్రమే. నిర్ణయం ప్రవేశాల కార్యాలయానిది. పూర్వ విద్యార్థులు అందరికీ అందుబాటులో ఉండరు కనుక పిలుపు రానంత మాత్రాన నిరాశ చెందనవసరం లేదు.

ఈ పద్ధతిని మన ప్రవేశాలలో యథాతథంగా దిగుమతి చేసుకోవాలని నేను కోరడం లేదు. ముఖాముఖికి మార్కులు జోడిస్తే పక్షపాతానికి తావు ఏర్పడుతుంది. అజయ్ హాసియా కేసులో 1980లో సుప్రీంకోర్టు, శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ముఖాముఖికి మూడో వంతు మార్కులు కేటాయించడాన్ని తప్పుపట్టి, 15 శాతానికి మించరాదని పేర్కొన్నది. అక్కడ ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలే మాట్లాడారన్నది అభ్యర్థుల ఫిర్యాదులలో ఒకటి. గ్రామీణ విద్యార్థికి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకు ఇచ్చిన రక్షణను తేలికగా చూడరాదు.

అయితే ర్యాంకు చెప్పలేనిది ఒకటి ఉన్నది. వైద్య విద్యలో సీటు రాక వ్యవసాయ డిగ్రీలో చేరిన విద్యార్థిని "ఇక్కడికి ఎందుకు వచ్చావు?" అని మనలో ఎవరూ అడగరు. నాలుగో సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్లి రైతు ముందు కూర్చున్నప్పుడు గాని ఆ ప్రశ్న అతనికే ఎదురుకాదు. అప్పటికి చాలా ఆలస్యమవుతుంది.

అందువల్ల సీటు కేటాయింపు పూర్తయిన తరువాత, మొదటి నెలలోనే, ప్రతి విద్యార్థికి ఒక పూర్వ విద్యార్థితో అరగంట సంభాషణ ఏర్పాటు చేయాలి. కృషి విజ్ఞాన కేంద్ర శాస్త్రవేత్త, మండల వ్యవసాయ అధికారి, విత్తన సంస్థ ఉద్యోగి, సొంత సేద్యం చేస్తున్న పట్టభద్రుడు, ఎవరైనా కావచ్చు. మార్కులు వద్దు, నివేదిక వద్దు. రైతుతో మాట కలిపి, ఆయన చెప్పేది ఓపికగా వినడం విస్తరణ శాస్త్రవేత్తలకు వృత్తివిద్య. ఆ విద్యను మన విద్యార్థుల విషయంలోనూ వినియోగిద్దాం.