మిర్చి యార్డులో ఆడపిల్లకేమి పని?



పొన్నూరు దగ్గర పల్లె నుండి ఒక సహోదరి ఉత్తరం రాశారు. పెద్దమ్మాయి బాపట్లలో బి.యస్సీ. అగ్రికల్చర్ చివరి సంవత్సరం చదువుతోందట. ఆ పిల్ల పెండ్లికని కదపకుండా ఉంచిన అర ఎకరం ఉంది. ఇప్పుడేమో అమ్మాయి “అగ్రి బిజినెస్‌లో పి.జి. చేస్తాను, పెండ్లి రెండేళ్లు ఆపండి” అంటోంది. తండ్రి ముఖం ముడుచుకున్నారు. “గవర్నమెంటు ఉద్యోగానికి పరీక్ష రాసుకోక, ఆడపిల్లకు మిర్చి యార్డులో పనేమిటి?” అని మేనమామలు. “పొలం అమ్మి చదివించనా, పెండ్లి చేసేయనా? ప్రార్థనలో ఉన్నాను, మీరూ ఒక మాట చెప్పండి” అని ముగించారు.

సహోదరీ, ముందు ఆ చదువేమిటో చెప్పనివ్వండి. బి.యస్సీ. పంట పండించడం నేర్పుతుంది. కల్లం దాటాక ఆ పంట ఏమవుతుందన్నది ఈ రెండో చదువు. మా నాన్న మిరపకాయలు గుంటూరు తీసుకెళ్లి, “తాలు కలిసింది, తేమ ఉంది” అని ధర కోస్తే, ఏ లెక్కన కోశారో అడగలేక ఇచ్చి వచ్చిన రోజు నాకింకా గుర్తు. తిరుగు బాడుగ పెట్టుకోలేక ఇచ్చారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగా తినలేదు.

అంతెందుకు, 2023లో క్వింటాలు 20 వేలు దాటి పలికిన మిర్చి, 2025 మొదట్లో అందులో సగానికి వచ్చింది. కేంద్రం జోక్యం చేసుకొని క్వింటాలుకు 11,781 రూపాయలని ధర కట్టవలసి వచ్చింది. విస్తీర్ణం ఎంత పెరిగింది, కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు ఎంత ఉంది, చైనా వాళ్లు తేజ రకం ఎంత కొంటున్నారు, టిక్కీలు దాచి ఉంచితే అద్దె, వడ్డీ పోను మిగిలేదెంత? ఇవన్నీ ముందే లెక్క కట్టే మనిషి ఊరికొకరుంటే ఎంత మేలు! నేలమీద ఆరబోసిన కాయకు బూజు విషం పడితే ఎగుమతిదారు ఎందుకు వద్దంటాడో కూడా ఈ చదువులో వస్తుంది.

ఇది మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1900లో నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా గారు ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదివింది అర్థశాస్త్రమే. తిరిగి వచ్చి సొంత ఊళ్లోనే రైతు యువకులకు పాఠశాల పెట్టారు. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరే పెట్టారు. మీ అమ్మాయి చదివే కళాశాల దానిదే కదా.

ఇక ఎక్కడ చదవాలి? హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ‘మేనేజ్’ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1987లో స్థాపించారు, 1996 నుండి అగ్రి బిజినెస్‌లో రెండేళ్ల డిప్లొమా నడుపుతోంది. వ్యవసాయ డిగ్రీ ఉన్నవారు ‘క్యాట్’ పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు వెళ్లాలి. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లోనూ ఇలాంటి కోర్సు ఉంది గాని, సీటు చాలా కష్టం. పత్రికల్లో ప్రకటనలిచ్చే ప్రతి కాలేజీకీ డబ్బు కట్టకండి. గుర్తింపు ఉందా, పోయిన ఏడు ఎందరికి ఎక్కడ ఉద్యోగం వచ్చింది అని కాగితం మీద చూపమనండి. చూపకపోతే లేచి వచ్చేయండి.

పొలం మాత్రం అమ్మవద్దు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. బ్యాంకుల్లో 7 లక్షల 50 వేల వరకు విద్యారుణం ఆస్తి తనఖా లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. చదువు ముగిసిన ఒక ఏడాది తరువాత గాని వాయిదాలు మొదలు కావు. తండ్రిగారు కూడా సంతకం చేయాలి, కాబట్టి ఆయనను పక్కన పెట్టి ఏదీ చేయకండి.

సీటు రాకపోతే? 2002 నుండి ‘అగ్రి క్లినిక్’ పథకం ఉంది. 45 రోజులు ఉచిత శిక్షణ ఇచ్చి, సొంత పని పెట్టుకోవడానికి 20 లక్షల వరకు బ్యాంకు అప్పు ఇప్పిస్తారు. స్త్రీలకు అందులో నూటికి 44 వంతులు సబ్సిడీ. మేనమామలకు ఈ సంగతి చెప్పి చూడండి, స్వరం మారవచ్చు!

యార్డు సంగతి అంటారా, గుంటూరులో ఎండలో కూర్చొని తొడిమలు తీసేదీ, తాలు ఏరేదీ ఎవరు? మన అక్కచెల్లెళ్లే కదా. అప్పుడెవరూ ఆడవాళ్లకు పనేమిటని అడగలేదు. కాటా దగ్గర, లెక్కల పుస్తకం దగ్గర కూర్చుంటానంటేనే ఈ ప్రశ్న వస్తోంది.

పెండ్లి మాటలు వచ్చినచోట చదువు సంగతి దాచకుండా చెప్పండి. రెండేళ్లు ఆగుతామనే వారు ఉంటారు. మీవారిని, అమ్మాయిని తీసుకొని ఒక ఉదయం యార్డుకు వెళ్లి రండి. వేలం జరుగుతుండగా ఆ పిల్ల ఏమేమి అడుగుతుందో తండ్రిని విననివ్వండి. ఆ తరువాత నాకు మళ్లీ ఉత్తరం రాయండి.