స్టెప్నీ తలుపుకు కాదు, చాసీకి

చలికాలం వస్తే చాలు, లంబసింగి మంచు కోసం నర్సీపట్నం మీదుగా థార్ జీపులు బారులు తీరతాయి. వాటిలో కొన్నిటి వెనక భాగం చూస్తే ఒళ్లు మండుతుంది. కంపెనీ టైర్లు పీకేసి లావుపాటివి వేయిస్తారు, ఐదోదాన్ని మాత్రం తీసుకెళ్లి పాత చోటే, వెనక తలుపుకే తగిలిస్తారు. కంపెనీవాడు అక్కడే పెట్టాడు కదా అని సమాధానం. వాడు తలుపు బలం లెక్కేసింది తన టైరుకి, మీ సరదాకి కాదు. రిమ్ముతో కలిపి 40 కిలోలకు చేరే చక్రం తలుపుకు వేలాడుతుంటే, బండి గుంటలో పడ్డ ప్రతిసారీ ఆ బరువు కొన్ని రెట్లయి బందుల్ని లాగుతుంది. మొదట కిర్రుమని చప్పుడు, తర్వాత తలుపు కుంగడం, ఆఖరికి బందుల దగ్గర రేకు చిట్లడం.

దీనికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది. చాసీకి బిగించిన గట్టి బంపరు, దాని మూలన నిలువు ఇరుసు, ఆ ఇరుసు మీద తిరిగే ఇనుప చెయ్యి, చెయ్యికి స్టెప్నీ. ఇరుసులో ట్రైలర్ హబ్బుకు వాడే టేపర్ బేరింగులు వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి మూసినప్పుడు దాని కొస బంపరు మీద ఒక దిమ్మపై కూర్చోవాలి. అది మరిచిపోతే బరువంతా మళ్లీ ఇరుసే మోస్తుంది, తలుపు రోగం ఇరుసుకు అంటుకుంటుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు మోసిన ట్రక్కుల్ని అతికిన వెల్డింగ్ పనివాళ్లకు ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. బండికి బరువు ఎక్కడ కూర్చోవాలో వాళ్ల చేతులకే తెలుసు. మనకే వాళ్ల విద్య కంటికి ఆనదు.

చట్టం ఒప్పుకోదంటారు. నిజమే. కంపెనీ రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అంది. నంబరు ప్లేటూ, బ్రేకు లైటూ కనబడకుండా చేసే పనులకు ఆ భయం ఉండాల్సిందే. కానీ సైలెన్సరు కోసి ఊరంతా అదరగొట్టేవాడినీ, తలుపు మీద బరువు దించి చాసీకి పెట్టేవాడినీ ఒకే గాట కట్టడమేం న్యాయం? పరీక్షించి ముద్ర వేసే ఏర్పాటు జిల్లాకొకటి ఉంటే ఏం పోయింది? రూలు సడలించడం ప్రభుత్వానికి చేతకానిదేం కాదు. ట్యూబులెస్ టైర్లూ, గాలి తగ్గితే చెప్పే యంత్రమూ, పంచరు కిట్టూ ఉంటే స్టెప్నీయే అక్కర్లేదని 2020లో కేంద్రం చిన్న బళ్లకు వెసులుబాటు ఇచ్చింది. 1904లో వేల్స్ దేశపు స్టెప్నీ వీధిలో పుట్టిన సరుకు, మన భాషలో ఆ వీధి పేరుతోనే మిగిలింది. ఇక పేరొక్కటే మిగులుతుందేమో. మేకు దిగిన టైరుకు కిట్టు పనికొస్తుంది. చింతపల్లి ఘాట్‌లో రాయి టైరు పక్కగోడను చీల్చేస్తే కిట్టులోని జిగురు దేనికి?

అసలు ఇంత లావు టైర్లు, ఇన్ని ఇనుప చేతులు కొండదారులకే అనుకుంటే పొరపాటు. రోలుగుంట మీదుగా పోయే భీమిలి-నర్సీపట్నం రోడ్డును తలుచుకోండి. ఊరిపేరులో ఉన్న గుంట నీళ్లదే అయి ఉంటుంది, రోడ్డు మీదివి మాత్రం మనం చేసుకున్నవి. 2019 సవరణలోనే 198ఎ అని ఒక సెక్షనుంది. రోడ్డును ప్రమాణాల ప్రకారం వేయని, చూసుకోని కాంట్రాక్టరుకూ అధికారులకూ లక్ష దాకా జరిమానా వేయొచ్చు. అయితే ఎవరో చచ్చిపోవాలి, లేదా అవిటివాళ్లవ్వాలి. టైరు చీలితే, ఇరుసు విరిగితే ఆ సెక్షను నిద్ర లేవదు. బండివాడికి మాత్రం మార్పు మార్పుకీ 5 వేలు.