ప్రణాళికలో గర్భముంది, మనిషి లేదు

2022 జులై గోదావరి వరదల తర్వాత లంక గ్రామాల పరిధిలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక రిజిస్టరు చూశాను. నెలలు నిండుతున్న గర్భిణుల పేర్లు, కాన్పు తేదీలు, ఎవరిని ఏ ఆసుపత్రికి తరలించారన్న వివరాలు అందులో వరసగా ఉన్నాయి. చివరి గడి రిమార్కులది. ఒక పేరు ఎదురుగా ఆ గడిలో ఒకే మాట రాసి ఉంది: 'నిరాకరించింది'.

ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. వరదొచ్చిన నాటికి ఆమెకు ఎనిమిదో నెల. ఇద్దరు చిన్నపిల్లలు, పక్షవాతంతో మంచాన పడిన అత్తగారు, పాడి గేదె. భర్త కువైట్‌లో డ్రైవరు. పడవలో చోటు లేదు, నువ్వొక్కదానివే రావాలమ్మా అని నర్సు చెప్పింది. "నేనొస్తాను గానండి, మా అత్తకి మంచినీళ్లెవరు పోస్తారండి?" అని ఈమె అడిగింది. ఆ ప్రశ్నకు నర్సు దగ్గర జవాబు లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆమె చేతికిచ్చిన ప్రణాళికలో ఆ ప్రశ్నే లేదు. నీళ్లు అరుగు దాటాక వాళ్లంతా పక్కింటి డాబా మీద మూడు రాత్రులు గడిపారు. నెల తర్వాత కాన్పు క్షేమంగానే అయింది. అందుకే కాబోలు, రిజిస్టరులోని ఆ మాటను ఎవరూ ప్రశ్నించలేదు.

నిరాకరించింది ఎవరు? ఆమెనా, ఆమె ఇంటిని లెక్కలోకి తీసుకోని శాఖా?

ఒక సంగతి ముందే చెప్పాలి. గర్భిణుల జాబితా తయారు చేసి, తుపానుకో వరదకో ముందే వాళ్లను ఆసుపత్రులకు చేర్చే పద్ధతి మంచిది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేలమంది దాకా పోయారు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఊడ్చేసింది. ఆ రోజుల్లో ఇలాంటి జాబితా ఉంటే ఎంతమంది తల్లులు బతికేవారో మనం ఊహించుకోవచ్చు. కాబట్టి జాబితా మీద నాకు తగవు లేదు. జాబితా వేసేశాం గనక స్త్రీల విషయం పూర్తయిపోయిందనుకునే ధోరణితోనే నా తగవు.

నేను చదివిన రెండు జిల్లాల వైద్య, ఆరోగ్యశాఖ అత్యవసర ప్రణాళికల్లో బ్లీచింగ్ పౌడరు బస్తాలున్నాయి, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పాముకాటు మందు, వైద్య బృందాల ఫోన్ నంబర్లున్నాయి. అన్నీ అవసరమైనవే. స్త్రీ అన్న మాట కోసం పేజీలు తిరగేస్తే రెండింటిలోనూ అది 'గర్భిణీ స్త్రీలు' అన్నచోట మాత్రమే కనిపించింది. అంటే ఈ శాఖ దృష్టిలో ఆడది తొమ్మిది నెలలపాటు మాత్రమే మనిషి. ఆ తొమ్మిది నెలల్లోనైనా లెక్కకొచ్చేది కడుపే, కడుపు మోస్తున్న మనిషి కాదు. పితృస్వామ్యం స్త్రీని గర్భాశయంగా కుదించిందని మనం సభల్లో చెబుతూ వచ్చాం. ఇక్కడ దాన్ని ప్రభుత్వ ముద్రతో, ఫైలు నంబరుతో సహా చూడొచ్చు.

సహాయ శిబిరం అంటే సాధారణంగా ఊరి హైస్కూలు. అక్కడ మరుగుదొడ్లు ఎన్ని? చీకటి పడ్డాక అక్కడ దీపం ఉంటుందా? ముట్టు బట్టలు ఉతికి ఎక్కడ ఆరేసుకోవాలి? రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఈ శిబిరాల్లో కొత్త కాదు. వైద్య బృందానికి ఆ తర్వాత వాళ్లు మూత్రంలో మంటతో 'కేసు'గా కనిపిస్తారు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ గడువు వరద రోజుల్లో దాటిపోతే ఆ తర్వాత వచ్చే గర్భానికి ఎవరు జవాబుదారీ? హెచ్‌ఐవీ మందులు వాడుతున్న స్త్రీ, నలుగురి మధ్య నిలబడి తన బిళ్లలు నీళ్లలో కొట్టుకుపోయాయని బృందాన్ని ఎలా అడుగుతుంది? తాగొచ్చిన భర్త శిబిరంలోనే కొడితే, లేదా పక్కవాడు చెయ్యి వేస్తే ఆమె ఎవరి దగ్గరికి వెళ్లాలి? నేను చదివిన పేజీల్లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

ఇక జాబితాకే అందని వాళ్లున్నారు. రొయ్యల చెరువుల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర పనికొచ్చిన వలస స్త్రీల పేర్లు వాళ్ల సొంత ఊళ్ల రిజిస్టర్లలో ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి చింతూరు వైపు అడవుల్లో బతుకుతున్న గొత్తికోయ స్త్రీలలో చాలామందికి ఏ ఊళ్లోనూ కాగితం లేదు. పెళ్లి కాకుండా నెల తప్పిన పిల్ల తన పేరు తానే రాయించుకోదు.

అధికారులను అడిగితే వచ్చే సమాధానం మనకు తెలిసిందే. "ముందు ప్రాణాలు కాపాడనివ్వండి మేడమ్, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు." వరద నీళ్లలో నిలబడి ఈ మాటంటే ఒప్పుకుంటాను. కానీ ప్రణాళికను వరదలో రాయరు కదా, ఎండాకాలంలో ఫ్యాను కింద కూర్చుని రాస్తారు. గోదావరికి వరద జులై, ఆగస్టుల్లో వస్తుంది, తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. ఆ రెంటికీ మధ్య ముప్పై ఆరేళ్లున్నాయి. ఒక దీపం గురించీ ఒక తలుపు గడియ గురించీ ఆలోచించడానికి ఆ వ్యవధి చాలలేదా?

అసలు ప్రాణాలు వేరు, ఇవి వేరు అనడమే తప్పు. 2004 సునామీపై ఆక్స్‌ఫామ్ 2005లో ప్రకటించిన పత్రం ప్రకారం తమిళనాడులోని కడలూరు జిల్లాలో 146 మంది పురుషులు చనిపోతే స్త్రీలు 391 మంది చనిపోయారు. సముద్రం ఆడా మగా చూసి రాలేదు. ఈత నేర్పనిది, పిల్లల్నీ ముసలివాళ్లనీ స్త్రీల చేతుల్లోనే పెట్టింది మన సమాజం. లంకలోని ఆ ఎనిమిదో నెల మనిషి పడవ ఎక్కలేకపోయిందీ అందుకే.

మరో అన్యాయం ఉంది. ఈ ప్రణాళిక మొత్తం నడిచేది ఆడవాళ్ల కాళ్ల మీద. ఇంటింటికీ వెళ్లి గర్భిణిని ఒప్పించేది ఆశా కార్యకర్త, పడవలో మందులపెట్టె పట్టుకుని కూర్చునేది ఏఎన్‌ఎం. ఆశా అదే ఊరి మనిషి. ఊరు మునిగితే ఆమె ఇల్లూ మునుగుతుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆమెను స్వచ్ఛంద కార్యకర్త అంది, ఆమెకు వచ్చే డబ్బును ఇప్పటికీ జీతమనరు, గౌరవ వేతనం అంటారు. నేను చూసిన ప్రణాళికల్లో ఆమె ఒక ఫోన్ నంబరు మాత్రమే. ఆమెకు లైఫ్ జాకెట్ ఎవరిస్తారో, రాత్రి డ్యూటీలో ఆమె పిల్లలు ఎక్కడుంటారో, ఆమెకే ఏదైనా అయితే ఆ కుటుంబానికి ఏం దక్కుతుందో రాసిలేదు. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని ప్రణాళిక రాసేటప్పుడు పిలవలేదు. ఆమెను పిలిచి ఉంటే 'అత్తకి నీళ్లెవరు పోస్తారు' అన్న ప్రశ్న ఎండాకాలంలోనే బల్ల మీదికి వచ్చేది. గర్భిణితోపాటు ఆమె మీద ఆధారపడిన వాళ్లందరికీ పడవలో చోటు, ఆసుపత్రి దగ్గర బస, తిండి, పశువుల్ని మెరకకు తోలడానికి ఒక మనిషి కావాలని అప్పుడే తేలేది.

చట్టం మనకు కొంత దారి ఇచ్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 32వ సెక్షన్ ప్రకారం జిల్లాలోని ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన ప్రణాళిక తాను తయారు చేసుకోవాలి. సహాయం అందించడంలో స్త్రీ పురుష వివక్ష కూడదని 61వ సెక్షన్ చెబుతోంది. అయితే 25వ సెక్షన్ కింద ఏర్పడే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థలో కలెక్టరు, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి హోదా రీత్యా ఉంటారు. స్త్రీలు ఉండి తీరాలన్న మాట అందులో లేదు. కలెక్టరో జిల్లా పరిషత్ అధ్యక్షురాలో స్త్రీ అయితే అది కాకతాళీయం.

ఈ పత్రిక చదివే మిత్రులు కోస్తా జిల్లాల్లో, గోదావరి గట్ల వెంట పనిచేస్తున్నారు. ప్రణాళికల్లో సవరణలు చేయించాలంటే వానలు పడక ముందే పని మొదలుపెట్టాలి. జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. ప్రస్తుత ప్రణాళిక పూర్తి ప్రతి అడగండి. గత వరదలో, గత తుపానులో తరలించిన గర్భిణుల రిజిస్టరు నుంచి పేర్లు తీసేసి, రిమార్కుల గడి మాత్రం ఉంచి ఇమ్మనండి. ప్రతి చేతికొచ్చాక మండలంలోని ఆశా కార్యకర్తల్ని, ఏఎన్‌ఎంలను పిలిచి, వాళ్ల పనిరోజు కూలీ మన సంఘమే భరించి, ఆ పేజీలు బిగ్గరగా చదవండి. వాళ్లు ఆపమన్న ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టండి. గీతలు పెట్టిన ఆ ప్రతినే కలెక్టరుకు ఇద్దాం.