పింగాణీ యనదగిన దేది?

మంగినపూడి నుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినారు. బందరు అంగడిలో తెల్లని గిన్నెలు కొనగా అమ్మువాడు వానిని పింగాణీ యని చెప్పి అందుకు దగిన వెలయే పుచ్చుకొనెనట. ఇంటికి వచ్చిన మేనత్తగారు అవి పింగాణీ కావనియు, తక్కువ సెగను గాల్చిన తెల్లమట్టి యనియు తీర్పు చెప్పిరట. ఎవరి మాట నిజమని ప్రశ్న.

పింగాణీ యను పదము మనకు పరభాష నుండి వచ్చినది. పారసీకమున పింగాన్ అనగా గిన్నె. ఆ పేరు తొలుత పాత్రనే గాని మట్టిని దెలుపలేదు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బందరున వర్తకశాలలు పెట్టిరి. చీనా పాత్రలను ఓడలమీద దేశదేశములకు జేర్చినవారిలో డచ్చివారు ముఖ్యులు. మన యిండ్లలో నన్ననో తెల్లగా మెఱయు ప్రతిదానికిని ఆ పేరే చెల్లినది. ఊరగాయ జాడీయు పింగాణీయే, ఇనుపరేకుపై పూతపూసిన పళ్లెమును పింగాణీయే! కావున అంగడివాడు బొంకెనని మేమనజాలము.

పాత్రలు చేయువారి లెక్క వేఱు. చీనాలో కయోలిను అను తెల్లమన్ను, ఫెల్డ్‌స్పారు, పలుగురాతి పొడి కలిపి 1300 డిగ్రీల సెగకు గాల్చగా లోపలి రేణువులు కరగి గాజువలె నేకమగును. పలుచని గిన్నెను దీపమున కడ్డముగా బట్టిన వెలుగు కనబడును. ఈ మర్మము తెలియక ఐరోపావారు చిరకాలము తంటాలు పడి, 1710లో గాని జర్మనీలోని మైసెన్‌లో కార్ఖానా పెట్టలేకపోయిరి. నేటి చిన్న కుమ్మరిశాలలవారు అంత సెగ వ్యయమునకు దాళలేక, ఫెల్డ్‌స్పారు వంటి కరగించు ద్రవ్యముల పాలు హెచ్చించి, 1200 మొదలు 1240 డిగ్రీల లోపలనే గట్టిపడు తెల్లమన్ను వాడుచున్నారు. మన డెల్టా మట్టి యిందుకు పనికిరాదు. ఇనుము గలది గావున కాల్చిన నెఱ్ఱబాఱును.

సెగ తక్కువయైన మాత్రమున పింగాణీ కాదనుట మాకు న్యాయముగా దోపదు. ఎముకల బూడిద కలిపి చేయు బోన్ చైనాకు గావలసిన సెగయు ఇంచుమించుగా నింతియే. దానిని హీనమన్నవారు లేరు. లోపల గాజుపట్టినదా లేదా యనునదే చూడవలసినది. నేలపలకల వ్యాపారమున నూటికి అరపాలు మించి నీరు పీల్చనిదానినే ఆ పేర బిలుతురు.

దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. పూతలేని అడుగుగల గిన్నెను బాగుగ నెండబెట్టి తూచి, చన్నీట నుంచి మెల్లగా గాచి, మూడు గంటలు మరగించి, ఆ నీటిలోనే రాత్రియంతయు నుంచవలెను. ఉదయమున తుడిచి మరల తూచవలెను. 400 గ్రాముల గిన్నె 2 గ్రాములకు మించి బరువెక్కనిచో మేలైనది. ఇందుకు వంటింటి త్రాసు చాలదు, కంసాలి త్రాసు కావలెను.

నీరు పీల్చు గిన్నెలో ఆవకాయ నిలువజేసిన, పూతలో సన్నని బీట యున్నచో ఉప్పును నూనెయు లోనికింకి వెలుపల తెల్లగా పొటమరించును. పాలవాసన యెంత తోమినను వదలదు. పేరు కొఱకు ఇంత చర్చ యందులకే.

ఇక పేరు. చిలకలపూడి నగలను మేలిమి బంగార మని యెవరును అమ్మరు, చిలకలపూడి నగ యనియే అమ్ముదురు, కొనువారును అట్లే కోరి కొందురు. అట్లే పరీక్షకు నిలిచినదానిని నడిసెగ పింగాణీ యందము. నిలువనిదానిని తెల్లని రాతిపాత్ర యందమన్న, పులుసు కాచుకొను రాచిప్ప జ్ఞప్తికి వచ్చును. తెల్లజాడీమన్ను అనుట మాకు నచ్చినది. జాడీ యెట్టిదో ఎఱుగని యిల్లాలు లేదుగదా.

సోదరి తన గిన్నెలను తూచి చూచుకొందురు గాక. బరువెక్కినచో వానిలో కందిపొడియో, ఎండుమిరపకాయలో పోసికొని, ఈసారి అంగడికి బోయినపుడు వెల తగ్గించి యడుగవచ్చును.