మూట విప్పడానికి ఏడాది చందానా?

పోయిన వేసవిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు పెన్‌డ్రైవ్ పట్టుకుని తెనాలిలోని మా డీటీపీ సెంటరుకి వచ్చారు. వాళ్ల హైస్కూలు వజ్రోత్సవ సంచిక పని ఆయన నెత్తిన పడింది. వ్యాసాలు, ఫొటోలు కలిపి 62 ఫైళ్లు. అన్నీ ఒకే జిప్ మూటగా ఎవరో పంపారు.

"ఫైలు పాడైపోయిందటమ్మా. బాగుచేసే యాప్‌కి ఏడాదికి పదిహేను వందలట. కట్టేయమంటావా?"

"ఆగండి మాస్టారూ" అని, మూలనున్న లినక్స్ కంప్యూటర్లో ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిచాను. అన్‌జిప్ అని కొట్టి, పక్కన హైఫన్, టి పెట్టి, ఫైలు పేరిచ్చాను. విప్పకుండా పరీక్ష మాత్రమే చేయమని దానర్థం. చివర ఉండాల్సిన సూచిక కనబడటం లేదని జవాబొచ్చింది. రోగం తెలిసిపోయింది. జిప్ ఫైల్లో విషయసూచిక ఉండేది ఆఖర్నే. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే ముందు పోయేది అదే.

సూచిక పోయినంత మాత్రాన సరుకంతా పోయినట్టు కాదు. లోపలి ప్రతి ఫైలుకీ ముందు దాని పేరుతో ఒక చీటీ ఉంటుంది. చీటీ మొదటి రెండక్షరాలు పీ, కే. 1989లో ఈ జిప్ పద్ధతిని తెచ్చిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. జిప్ అని కొట్టి, హైఫన్, రెండు పెద్ద ఎఫ్‌లు, పాడైన ఫైలు పేరు, ఆపై రెండు హైఫన్లతో అవుట్ అని పెట్టి కొత్త ఫైలుకో పేరు ఇస్తే, ఆ చీటీలు వెతుక్కుంటూ పోయి సూచిక మళ్లీ రాస్తుంది. ముందు మాత్రం "ఇది ఒకే డిస్కులో ఉన్నదేనా?" అని అడుగుతుంది. ఫ్లాపీల కాలం నాటి ప్రశ్న! నవ్వుకుని వై నొక్కాను.

కొత్త ఫైలుకి మళ్లీ పరీక్ష పెట్టాను. ఒక్కో పేరు, పక్కన ఓకే. మూట కట్టేటప్పుడే ప్రతి ఫైలుకీ ఒక లెక్క కట్టి లోపల రాసి ఉంచుతారు. విప్పేటప్పుడు ఆ లెక్క తేలితేనే ఓకే. మాస్టారి జాబితాతో సరిచూశాం. 59 దక్కాయి. రాని మూడూ ఆ సాయంత్రమే వాట్సాప్‌లో తెప్పించుకున్నారు.

ఆ యాప్ మీద నాకున్న కోపం పదిహేను వందల గురించి కాదు. 59 ఫైళ్లు నిక్షేపంగా ఉంటే, గుండుగుత్తగా "పాడైపోయింది" అనేసింది. భయపెట్టి, ఆ వెంటనే బిల్లు చూపించింది. ఎంత పోయింది, ఎంత మిగిలిందన్నది మన సొత్తు గురించి మనకు తెలియాల్సిన సంగతి. ఇన్ఫో-జిప్ అనే బృందం వాళ్లు కలిసి రాసి ఉచితంగా ఇచ్చిన ఈ చిన్న సాధనం ఆ సంగతి ముఖం మీదే చెబుతుంది. ప్రకటన లేదు, ఓటీపీ లేదు.

ఇంకో ఉపయోగం ఉంది. అన్‌జిప్ పక్కన టి బదులు ఎల్ పెడితే మూట విప్పకుండానే లోపలివాటి పేర్లన్నీ చూపిస్తుంది. ఫొటోలని చెప్పి పంపిన మూటలో ఈఎక్స్ఈ అనే ప్రోగ్రాం ఫైలు కనబడితే అక్కడే ఆగిపోవచ్చు. ఈమధ్య పెళ్లి పిలుపుల పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు తిరుగుతున్నాయి. పాతికేళ్లుగా పెళ్లికార్డులు చేస్తున్నదాన్ని, చెబుతున్నాను: కార్డు ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఏపీకేగా రాదు. అది ఫోన్లో కూర్చునే యాప్.

నల్ల తెర ఎవరికొచ్చు, అంతా ఇంగ్లిషే కదా అంటారు. నిజమే, మొదట నాకూ బెరుకే. కానీ అను ఫాంట్లలో ఏ మీట నొక్కితే ఏ ఒత్తు పడుతుందో బట్టీ పట్టినవాళ్లం మేం. దాని ముందు ఈ మూడు మాటలెంత? విండోస్ 10లో 2018 నుంచీ టార్ అనే ఇలాంటి సాధనమే ఉంది. అది జిప్ మూటలనీ విప్పుతుంది. ఇంట్లో ఉందని తెలియక బయట కొనుక్కుంటున్నాం. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాయి. మన బడుల్లోనూ ఒక్క పీరియడ్ దీనికివ్వాలి. పిల్లలు ప్రోగ్రామర్లు కానక్కర్లేదు. ఒక ఫైలు చూడటం, పరీక్షించడం, విప్పడం చేతనైతే చాలు. ఈ సాధనాల సాయం పేజీలు తెలుగులోకి తెస్తే పెద్దవాళ్లకీ పనికొస్తాయి.

మాస్టారు ఆ మూడు ఆదేశాల్నీ మిగిలిపోయిన ఓ పెళ్లికార్డు వెనక తెలుగక్షరాల్లో రాసుకున్నారు. వాళ్ల ల్యాప్‌టాప్‌లో లినక్స్ నేనే పెట్టిచ్చాను. దసరా ముందు రెండో విడత ఫొటోలతో వచ్చారు. పెన్‌డ్రైవ్ బల్ల మీద పెడుతూనే అన్నారు:

"నూట నాలుగమ్మా. అన్నీ ఓకే. లెక్క నేనే చూశాను."